మంచు కుంగే ముందు వినిపించిన తుమ్ము

దయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే మధ్యలో ప్రశ్నలు వేసి చెడగొట్టే రకం నేను. చచ్చిపోయినవాళ్లు తిరిగి వస్తారంటే అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఇది చదివేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి.

శకునాల పట్టింపంతా నా భార్య మాధవిది. బయలుదేరుతుండగా ఒక తుమ్ము వినిపిస్తే ఆగి, కూర్చుని, కాసిని మంచినీళ్లు తాగి వెళ్లాలి. రెండు తుమ్ములైతే ఫరవాలేదు. డెన్వర్ పొడిగాలికి ఆవిడకి రోజూ పొద్దున్నే తుమ్ములే. నేను కారు తాళాలు తీసేసరికి సన్నగా ఒకటి వచ్చేది, చివర చిన్న మూలుగుతో. నాకు ఆలస్యమవుతుందని వెంటనే ఇంకో దొంగతుమ్ము తుమ్మేది.

"హమ్మయ్య, క్యాన్సిల్ అయిపోయింది. ఇంక వెళ్లండి, మీటింగ్‌కి లేట్ అవుతుంది" అనేది.

మాధవి జబ్బుచేసి పోయాక మొదట్లో అందరూ భోజనాలకి పిలిచారు. తర్వాత తగ్గించారు. తలా ఒక వంటకం చేసి తెచ్చుకునే పాట్‌లక్‌కి ఒంటరి మగవాణ్ణి పిలవడం ఎవరికైనా ఇబ్బందే, తప్పుపట్టను. శనివారాలు ఇంట్లో గడిచేవి కావు. అందుకని మంచులో కాలు దిగబడకుండా బూట్లకి స్నోషూలు కట్టుకుని కొండల్లో ఒక్కణ్ణే నడవడం అలవాటు చేసుకున్నాను.

పోయిన చలికాలం అలాగే వెళ్లాను. వారమంతా కొత్త మంచు, విపరీతమైన గాలి. కొండ ఎక్కను కదా, కింద చదునులో నడిచేవాడికి ఏమవుతుందిలే అనుకున్నాను.

అవుతుందని తర్వాత తెలిసింది. సీజన్ మొదట్లో పడ్డ మంచు చలికి బొంబాయి రవ్వలా పొడిపొడిగా మారి అడుగున ఉండిపోతుంది. దానిమీద పడ్డ కొత్త మంచుని గాలి పలకలా బిగిస్తుంది. మనిషి బరువుకి అడుగుపొర ఒక్కచోట కూలితే చాలు, ఆ పగులు పొర వెంటే పాకిపోతుంది. చదునులో మన కాళ్లకింద మొదలై పక్కనున్న వాలుదాకా వెళ్తుంది. అక్కడ పట్టు తప్పిన పలక తెగి, జారి, కిందికి వస్తుంది.

దారి కొండవాలు అడుగుకి తిరిగేచోట నా వెనకనుంచి తుమ్ము వినిపించింది. సన్నగా, చివర చిన్న మూలుగుతో.

తిరిగి చూశాను. నా అడుగులు తప్ప మంచుమీద ఏమీ లేవు. చెట్లు కూడా దూరంగానే ఉన్నాయి. భయం వేయలేదు. రెండోదాని కోసం ఆగాను. అది రాలేదు. ఎన్నడూ శకునం పాటించనివాణ్ణి, ఎందుకో బ్యాగు దించి దానిమీద కూర్చున్నాను. ఫ్లాస్కు తీసి నీళ్లు తాగాను.

మూత బిగిస్తుండగా నా కింద మంచు ధబ్బుమని కుంగింది. ఎదురుగా వాలు పైభాగాన అడ్డంగా ఒక పగులు తెరుచుకుంది. పలకంతా ముక్కలై జారివచ్చి నేను నడవబోయే దారిని పూడ్చేసింది. మంచుపొడి నా మొహందాకా వచ్చింది. ఆగకుండా నడిచివుంటే సరిగ్గా దానికింద ఉండేవాణ్ణి.

ఆఫీసులో స్కీయింగ్ పిచ్చి ఉన్న కిరణ్‌కి చెప్పాను. ఈ పొరల సంగతి వివరించింది అతనే.

"అన్నా, నువ్వు విన్నది తుమ్ము కాదు. వీక్ లేయర్ కొలాప్స్ అయిన సౌండే అది. ఒక్కడివే ఉన్నావ్ కదా, బ్రెయిన్ అట్ల అనుకుంటది" అన్నాడు.

నేనూ అలాగే సరిపెట్టుకోవాలని చూశాను. కుదరలేదు. మంచు కుంగిన చప్పుడు నా కిందనుంచి వచ్చింది, అదీ నీళ్లు తాగాక. తుమ్ము వెనకనుంచి వచ్చింది, నేను ఇంకా నడుస్తుండగా. ఈ రెండూ ఒకటెలా అవుతాయి?

కిరణ్‌కి చెప్పనిది ఒకటుంది. మంచుపొడి సర్దుకున్నాక నేను ఆ బ్యాగుమీదే కూర్చుని బిగ్గరగా ఏడ్చాను. మాధవి పోయిన తర్వాత, ఎక్కడికైనా బయలుదేరితే నన్ను ఆగమన్నవాళ్లు ఎవరూ లేరు.