ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లిస్బన్‌కి మూడు గంటలు

దయ్యాలున్నాయంటే నేనెప్పుడూ నమ్మలేదు. పెళ్లికి ముందు శ్మశానం పక్క చేలో ఒక్కదాన్నే చీకటి పడేదాకా వేరుశనగ కాయలు ఏరినదాన్ని. ఏ గాలీ నన్ను పలకరించలేదు. ఇప్పుడు చెప్పేది కూడా దయ్యం సంగతని నేననను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నేనుండేది కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో, మా అబ్బాయి సుధీర్ దగ్గర. మా పెద్దమ్మాయి పద్మ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉండేది. అల్లుడికి లిస్బన్‌లో ఉద్యోగమొచ్చి ముందే వెళ్లాడు. పోయిన చలికాలం పద్మ ఒక్కతే అక్కడికి విమానమెక్కింది. అయిదో నెల. అంతకు ముందొకసారి కడుపు పోయింది. వెళ్లొచ్చని డాక్టరన్నా నా ప్రాణం నా దగ్గర లేదు.

మా ఇంట్లో ఒక అలవాటుంది. మనవాళ్లు ప్రయాణంలో ఉంటే, చేరామని కబురొచ్చేదాకా ఇల్లు ఊడవం. పద్మ ఎక్కే ముందు ఫోన్ చేసి, "దిగగానే చెబుతానమ్మా, అప్పుడు ఊడ్చుకో" అని నవ్వింది.

ఆ పొద్దున హాలు నిండా ఉప్పే. రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు బూట్లకంటుకుని లోపలికొస్తుంది. అది కాళ్ల కింద కరకరమంటుంటే నాకు ఒకచోట కుదురు లేదు. కిటికీ దగ్గరికి, పొయ్యి దగ్గరికి, మళ్లీ కిటికీ దగ్గరికి.

"పంతొమ్మిది వందల కిలోమీటర్లు కూడా ఉండదమ్మా. మూడు గంటలు. మనం వాంకూవర్ వెళ్లినంత కూడా కాదు," అన్నాడు సుధీర్.

మూడు గంటలూ అయ్యాయి. ఇంకా పైనే అయింది. కబురు లేదు.

"దిగే ఉంటుందిలే, సామాన్ల దగ్గర ఉంటుంది. అయినా నీ రూల్ చీపురుకే కదా, వాక్యూమ్‌కి కాదుగా!"

ఆ కరకర ఇక భరించలేక వాక్యూమ్ ప్లగ్ పెట్టాను. అప్పుడే ఇంటి ఫోన్ మోగింది. కోడలు స్రవంతి ఎత్తి, "అత్తయ్యా, వదిన" అని నా చేతికిచ్చింది.

పద్మ గొంతే. "అమ్మా, ఇంకా చేరలేదు. ఊడవకు." అంతే, పెట్టేసింది.

ప్లగ్ పీకేశాను. సుధీర్ తిరిగి చేస్తే పద్మ సెల్ మోగనే లేదు.

చాలాసేపటికి పోర్టో అనే ఊరి నుంచి పద్మ ఫోన్ వచ్చింది. లిస్బన్‌ని పొగమంచు కమ్మేస్తే, విమానం పైనే తిరిగి తిరిగి చివరికి పోర్టోలో దిగిందట. ఒంట్లో బాగానే ఉందంది.

"మరి ఇందాక చేశావుగా?" అన్నాను.

"నేనా? గాల్లో ఉన్నా కదమ్మా. ఎక్కినప్పుడు ఆపిన ఫోన్ ఇప్పుడే ఆన్ చేశా," అంది. "అమ్మ ఈపాటికి ఊడ్చేస్తుందేమో, వద్దని ఎలా చెప్పాలా అని మాత్రం అనుకున్నా."

ఎవరిదో రాంగ్ నంబరై ఉంటుందన్నాడు సుధీర్.

"రాంగ్ నంబర్‌వాళ్లు నన్ను పేరు పెట్టి పిలిచి, అమ్మకివ్వు అంటారా?" అంది స్రవంతి.

మా ఇంటి ఫోన్‌లో నంబర్లు కనబడవు. ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ సాయంత్రం లిస్బన్ నుంచి పద్మ మళ్లీ చేసింది. "చేరానమ్మా. ఇక ఊడ్చుకో."

గొంతు అదే. సందేహం తీరక, "అల్లుడికివ్వమ్మా" అన్నాను. ఆయన కూడా మాట్లాడాడు. అయినా ఆ ఉప్పు మర్నాటిదాకా అలాగే ఉంది.