అట్ట లేని పాటల పుస్తకం

ఆ వార్త నా దగ్గరకు మొదట తెచ్చింది మా సందు చివర మొహింగా, అదే చేపల పులుసు సేమ్యా, అమ్మే బర్మా ఆవిడ డా తిన్. ఈ ఉదయం వాన ముసురుకు బీరువాలోంచి తడి తోలు వాసన రాగానే ఆవిడ మళ్లీ గుమ్మంలో నిలబడినట్టు అనిపించింది. "కొండల్లో చిన్న విమానం దిగుతూ దిగుతూ పడిపోయిందట. మీ సారమ్మ అందులోనే ఉంది" అంటూ, ఆ రోజు చేతిలో గరిటె వదలకుండానే ఏడ్చింది.

సారమ్మత్త మా పేట తాకేటాలో నర్సు. చిన్నప్పుడు జ్వరం వచ్చి నా కాళ్లు చచ్చుబడితే, బడికి పోలేని నాకు డ్యూటీ దిగాక ఇంటికొచ్చి చదువు చెప్పింది. తన తోలు అట్ట పాటల పుస్తకంలోంచే తెలుగు అక్షరాలు దిద్దించింది. కుట్టూ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. "ఒక్క వరసని నమ్మకే. ఎనక్కొచ్చి ఇంకో వరస ఎయ్యి" అనేది. నేను విసుక్కుంటే, "ఓలమ్మ దొరసాని! ఏటి, సెయ్యి అరిగిపోద్దా?" అని నవ్వేది. చదువూ పనీ రెండూ నా గుమ్మంలోకే నడిచొచ్చాయి, దేవునికి స్తోత్రం.

కొండ ఊళ్లకు ఆవిడ మందులు తీసుకెళ్లే సంచులు నేనే కుట్టేదాన్ని. ఆ చిన్న విమానంలో మనిషినీ మూటనీ కలిపి తూస్తారు. అందుకని ముందుగా మా ఇంట్లోనే సంచుల్ని కాటాకు వేలాడదీసి చూసుకునేది. ఆఖరిసారి ఆ ఊరి పిల్లలకు తట్టు సోకింది. మందులు ఎక్కువ పట్టుకెళ్లాలి. తన రెండో చీర తీసేసింది. నేను పెట్టిన ఊరగాయ సీసా తీసేసింది. అయినా ముల్లు గీత దాటే ఉంది. పాటల పుస్తకం అట్టను పర్రున ఊడదీసింది.

"అత్తా! దేవుడి పుస్తకం!"

"దేవుడికి అట్టెందుకే? ఆ బరువుకి నాలుగు మందు పొట్లాలొస్తాయి. దాసుంచు, నానొచ్చేక కుడుదువు గాని."

మబ్బులో రన్‌వే అందక విమానం కొండవాలున పడింది. పైలటుతో సహా ఎవరూ బతకలేదు. అంత దుఃఖంలోనూ నన్ను తొలిచింది ఒకటే: పిల్లలకు మందులు అందాయా? కొన్ని నెలలకు ఆ ఊరి పెద్ద ఒకాయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, మట్టి మరకల ఖాళీ సంచులు మడతపెట్టి నా ఒళ్లో ఉంచాడు. "విమానం ముక్కలైందమ్మా, ఇవి చిరగలేదు. ఆ సాయంత్రమే పిల్లలకు మందు వేశాం" అన్నాడు బర్మీస్‌లో. కుట్టు తడిమి చూశాను. రెండు వరసలూ నిలిచే ఉన్నాయి. ఏడుస్తూనే తలెత్తుకుని కూర్చున్నాను.

పుస్తకం దొరకలేదు. అట్ట నా బీరువాలోనే ఉంది. అందులో వేరే కాగితాలు పెట్టలేదు. ఇప్పుడు ఆ ఊరికి ఇంకో నర్సు వెళ్తోంది. ఆమె సంచులకూ వెనక్కొచ్చి రెండో వరస వేస్తున్నాను. మీరు ఆవిడను చూడలేదు. అయినా ఈ రాత్రి ప్రార్థనలో ఒక్క పేరు తలుచుకోండి: తాకేటా నర్సు సారమ్మ.