అక్క పాట మొత్తం వినాలని ఆర్పెజియో నేర్చుకున్న మా బావ

నిన్న పొద్దున అలిపిరి దగ్గర మా షాప్ షట్టర్ ఎత్తుతుంటే రత్నం అక్క ఫోన్.

"మీ బావ ఎంత లేపినా లేస్తా లేడురా..."

మొన్న సాయంత్రమే ఫోన్‌లో నన్ను ఏడిపించిన మనిషి. అక్కావాళ్లుండే బంగారుపాళ్యానికి బస్సు ఎలా ఎక్కానో కూడా గుర్తులేదు.

మా జయపాల్ బావ ఇక లేడు.

బావ మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. అక్క చర్చిలో పాడుతుంది. సన్నని గొంతు. ఆమె పాడితే పక్కన వాయించాలని పెళ్లైన కొత్తలోనే గిటార్ కొన్నాడు. కానీ మనిషికి ఉత్సాహం ఎక్కువ. ఆరు తీగల్నీ కలిపి దబదబా బాదేవాడు. అందులో అక్క పాట ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

పోయినేడు గుండె ఆపరేషన్ అయ్యాక ఛాతీకి గిటార్ ఆనించుకోలేక, గిటార్ లాగే ఉండే నాలుగు తీగల చిన్న యుకులేలే తెచ్చుకున్నాడు.

"ఏం బావా, గిటార్ పిల్లని పెట్టిందా?" అన్నా.

"నవ్వురా బామ్మర్దీ, నవ్వు. ఇన్నేళ్లూ నా వాయింపుడులో మీ అక్క పాట సగమే విన్నాన్రా. ఇంక మొత్తం వినాల."

నాకు నవ్వు ఆగిపోయింది.

అందుకే ఆర్పెజియో. అన్ని తీగలూ ఒక్కసారి కాదు. ఒక్కో వేలితో ఒక్కో తీగ, నింపాదిగా. మధ్యలో గొంతుకు చోటుంటుంది.

అదేమో అంత ఈజీగా రాలేదు. గిటార్‌లో పై తీగ బొంగురుగా పలుకుతుంది, యుకులేలేలో అదే చోట కీచుమంటుంది. బావ బొటనవేలికి పాత అలవాటు పోదు. "పెద్దాయన గొంతు రావాల్సిన తావులో సంటిపిల్ల గొంతు వస్తా ఉండాదేందిరా!" అని తెల్లబోయేవాడు.

నా బండి వెనక ఎక్కితే ప్రాక్టీస్ నా భుజం మీదే. బొటనవేలు, చూపుడు, మధ్య, ఉంగరం. స్పీడ్ బ్రేకర్ వస్తే "తాళం తప్పించినావు కదరా" అని నన్నే తిట్టేవాడు. చక్కిలిగిలి తట్టుకోలేక చచ్చేవాణ్ణి.

పోయిన నెల ఒక ఆదివారం, భోజనాలయ్యాక, వాళ్ల వరండాలో అక్క పాడింది. బావ వాయించాడు. ప్రతి మాటా వినబడింది. అంత కష్టపడి నేర్చుకున్న మనిషి తీగల వైపు చూడనే లేదు, అక్క మొహమే చూస్తూ కూర్చున్నాడు. బావను అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

నిన్న సాయంత్రం ఇంట్లో ప్రార్థన. బావ తల దగ్గర కూర్చుని అక్క ఆ పాటే ఎత్తుకుంది.

రెండో చరణంలో ఒకచోట తీగల మీద వేళ్ల పట్టు మార్చడానికి బావకు కాస్త టైం పట్టేది. ఆయన వేళ్లు అందుకునేదాకా అక్క ఆగేది.

నిన్న కూడా అక్కడ ఆగింది.

ఇల్లంతా ఆమెతో పాటు ఆగింది.

కాసేపటికి తనే అందుకుని, ఒక్కతే పాడి ముగించింది.

పోయి రా బావా. ఏ నొప్పీ లేని చోట ప్రభువు నీకు నెమ్మదినివ్వాలి.