ఆర్‌ఐ వచ్చిన నాడు మా మతం

ఇది ధర్మానికీ అధర్మానికీ మధ్య జరిగిన మహాయుద్ధం కథ. ఇందులో ఒక తండ్రి కన్నకూతురి ముందు ఓడిపోతాడు, ఒక తల్లి ఆమెన్ అనడం మానేస్తుంది, ఒక వంశం కులమే మారిపోతుంది. ఇలా మొదలుపెడితే మీరు చివరిదాకా చదువుతారని నా ఆశ. నిజానికి ఆ యుద్ధం రాజంపేట దగ్గర మా పల్లెలో, రేకుల వసారాలో, ఒక ప్లాస్టిక్ కుర్చీ చుట్టూ జరిగింది. అదీ మా అక్క కుల ధ్రువీకరణ పత్రం కోసం. సెల్‌ఫోన్లు మా ఊరికి అప్పుడప్పుడే వస్తున్న కాలం. సిగ్నలు మాత్రం ఇంకా రాలేదు.

మా నాయన సంఘ పెద్ద. అంటే చర్చిలో పాస్టరు తర్వాత మాట ఆయనది, ఇంట్లో పాస్టరు కన్నా ముందు మాట ఆయనది. కొంచెం మెట్టచేను, అది పండనప్పుడు కూలి. ఇంట్లో సినిమా లేదు, పూలు లేవు, బొట్టు లేదు. ఆదివారం అంగడికి పోయేది లేదు. శనివారం ఉప్పు అయిపోతే ఆదివారం చప్పిడి కూడే తిన్నాం. పొద్దున ప్రార్థన, సాయంత్రం ప్రార్థన. మధ్యలో నేను కళ్లు తెరిస్తే, కళ్లు మూసుకునే ఉన్న నాయన పట్టుకునేవాడు. ఎలాగో ఇప్పటికీ తెలియదు.

అన్నిటికన్నా పెద్ద పాపం అబద్ధం. ఒకసారి బడి నుంచి ఆలస్యంగా వచ్చి, బస్సు లేటయిందని చెప్పాను. నాయన చొక్కా వేసుకున్నాడు. సైకిలెక్కి బస్టాండుకు పోయి కంట్రోలరును అడిగి వచ్చాడు. బస్సు ఆ రోజు టైముకే వచ్చిందట. మా దారిలో బస్సు అంత సరిగ్గా నడిచింది నా జీవితంలో ఆ ఒక్క రోజే. నాకు చింతబరికెతో నాలుగు పడ్డాయి, అన్నం లేదు. అక్కకు పెట్టారు గానీ ఆమె తినలేదు.

"నీకేమైంది మే?" అంది అమ్మ.

"అది చెప్తాంటే నేను పక్కనే నోరు మూసుకొని నిలబడుకున్యా గదమ్మా. అదిగూడా అబద్ధమే" అంది అక్క.

నా ఆకలికి తోడుగా అక్క ఆకలి కూడా నా లెక్కలోకే వచ్చింది. చెడ్డవాళ్ల పక్కన మంచివాళ్లు ఉంటే వచ్చే ఇబ్బంది ఇదే.

అబద్ధం ఇంత పెద్ద పాపమైన మా ఎస్సీ పేటలో అందరికీ రెండు మతాలు ఉండేవి: ఆదివారానికి ఒకటి, ఆఫీసుకు ఒకటి. చట్టం ప్రకారం ఎస్సీ మనిషి క్రైస్తవుడైతే ఎస్సీ కాకుండా పోతాడు, బీసీ-సీ అవుతాడు. ఈ సంగతి ఊరికి ఎవరూ చెప్పినట్టు లేదు. మా ముత్తాత బాప్తిస్మం తీసుకున్నా మా నాయన చిన్నప్పుడు టీ బంకులో మావాళ్ల గ్లాసు వేరుగా చూరుకే వేలాడేదట. బాప్తిస్మపు నీళ్లు గ్లాసు దాకా పారలేదు. అంటే కులం మమ్మల్ని వదలదు గానీ, కులం పేరున వచ్చే సీటు మాత్రం వదిలిపోతుంది. అందుకే బడి రికార్డుల్లో మేం మొదటినుంచీ హిందువులం. "నేను చెప్పలా, వాళ్లే రాసుకున్యారు" అనేవాడు నాయన. అబద్ధం ఆడకుండానే అబద్ధంలో కాపురం ఉండటం మా పేటంతటికీ తెలిసిన విద్య.

అక్కకు టీచర్ ట్రైనింగ్ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. ఎస్సీ కోటాలో ప్రభుత్వ కాలేజీ సీటు ఖాయం. బీసీ-సీకి ఉండే సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ప్రైవేటు కాలేజీ మా తాహతు కాదు. ఈ సీటు పోతే అక్కకు మిగిలేది చేనే. సరిగ్గా అప్పుడే ఎవరో, ఆ పేటంతా చర్చికి పోతుందని ఎమ్మార్వోకు అర్జీ పెట్టారు. సర్టిఫికెట్ ఇచ్చేముందు ఆర్‌ఐ, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, ఇంటికి వచ్చి విచారిస్తాడని కబురొచ్చింది.

ఇలాంటి రోజుల కోసం మా పేటలో ఒక వెంకటేశ్వరస్వామి పటం ఉండేది. విచారణ ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటికి పోయేది. పక్కింటి పిన్నమ్మ దాన్ని కొంగు కింద దాచి తెచ్చింది.

"జాగ్రత్త బావా, పగలగొట్టేరు. వచ్చే వారం మా చెల్లెలింటికి గావాల" అంది.

ఎంతమంది పిల్లలను కాలేజీల్లో చేర్పించిందో ఆ పటం. దానికి మహిమ లేదని నేనైతే అనలేను.

నాయన ఏసుప్రభువు క్యాలెండరు తీసి బియ్యం డబ్బా వెనక పెట్టాడు. స్టూలెక్కి మేకు కొట్టాడు. అది వంగింది. ఇంకొకటి కొట్టాడు, అదీ వంగింది. ఆ వంకర మేకుకే పటం తగిలించాడు. వడ్రంగి కొడుకును కొలిచే ఇంట్లో మేకు తిన్నగా కొట్టేవాడు ఒక్కడూ లేడు. అమ్మ పిన్నమ్మ ఇచ్చిన కుంకుమ పెట్టుకుని వచ్చింది. ఆ ముఖానికి అది ఎంత నప్పిందంటే, నప్పిందనడం కూడా పాపమేమోనని ఊరుకున్నాను.

అక్క గడపలో నిలబడి ఇదంతా చూస్తోంది.

"ఏంది నాయనా ఇది?"

"సీటు గావాల గదా పాపా. మనమెవరమో దేవునికి తెల్సు."

"దేవునికి తెల్సినేది ఆ సారుకు తెలిస్తే ఏమయితాది?"

"సీటు పోతాది" అన్నాను నేను. "దేవుడయితే సంతకం పెట్టడు గదక్కా. ఆర్‌ఐ సారు పెడతాడు."

నాయన నవ్వలేదు. స్టూలు దిగుతూ, "నువ్వు లోపలే ఉండు పాపా. అడిగినేదానికి నేను చెప్తా" అన్నాడు అక్కతో. ఆయన తన ఆత్మను ఆమె సీటు కోసం తాకట్టు పెట్టడానికి సిద్ధపడ్డాడని నాకు అప్పుడు తోచలేదు. మేకుల మీదే ఉంది నా ధ్యాస.

ఆర్‌ఐ సార్ మధ్యాహ్నం వచ్చాడు. నుదుట విభూతి, చంకలో ఫైలు. దుర్మార్గుడైతే కథకు బాగుండేది. పాపం, ఎండకు డస్సిపోయిన మామూలు మనిషి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగాడు. పటం వైపు చూశాడు. అది ఇంతకు ముందు ఎన్ని ఇళ్లలో పలకరించిందో, పాత స్నేహితుణ్ని చూసినట్టే చూశాడు.

"ఏమప్పా, హిందువులే గదా?"

"అవును సార్" అన్నాడు నాయన.

మా నాయన అబద్ధం ఆడటం నేను చూసింది అదొక్కసారే. ఆయనకు చేతకాలేదు. చూపు ఆ వంకర మేకు మీదికి పోయింది. నన్ను అడిగి ఉంటే బాగా నేర్పేదాన్ని.

సార్ రాసుకుంటూ, తలెత్తకుండానే, "పాప యాడ? ఒక సంతకం పెట్టాల" అన్నాడు. అక్క బయటికి వచ్చింది.

"సార్, మేము క్రైస్తవులం. మా నాయన సంఘ పెద్ద."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సార్ పెన్ను ఆగింది.

"చూడమ్మా, నువ్వు యాడికన్నా పో, ఎవురికన్నా మొక్కుకో. నేనేం అడగల్యా. హిందూ అని రాస్తాండా. ఊరకే ఉండు, చాలు."

"ఊరకుంటే నేను గూడా చెప్పినట్టే గదా సార్."

ఆయన పెన్ను మూత పెట్టాడు, మళ్లీ తీశాడు. "నీ ఒక్కదానికే రాసేది గాదు తల్లీ. రాస్తే ఇంటికంతా రాయాల. నీ చెల్లెలికి గూడా పోతాది."

అక్క అప్పటిదాకా నా సంగతి అనుకోలేదు. నా వైపు తిరిగింది. నేను వద్దని ఒక్క మాట అంటే ఆగిపోయేదని ఇప్పటికీ అనుకుంటాను.

"నాకు ర్యాంకు వస్తే గదా సార్ పోయేదానికి" అన్నాను. "ఏమన్నా రాసుకోండి."

సార్ నవ్వాడు. తర్వాత ఎందుకో ఆ నవ్వు ఆపేసి రాసేశాడు. వెళ్తూ వెళ్తూ నాయన భుజం మీద చెయ్యి వేసి, "బాగా పెంచినావప్పా" అన్నాడు. మెచ్చుకున్నాడో, జాలిపడ్డాడో తేలలేదు.

ఆయన మలుపు తిరిగేదాకా ఆగి అమ్మ అందుకుంది. "నిజం జెప్పినేది నువ్వొక్కదానివి. దెబ్బ తినేది అందరమూ! నీ చెల్లెలేం పాపం జేసింది?" అక్క సారు తాగిన మజ్జిగ గ్లాసు తీసుకుని కడగడానికి పోయింది.

సాయంత్రం ప్రార్థనలో నాయన కళ్లు మూసుకుని మళ్లీ తెరిచాడు. "నువ్వు చెయ్యి పాపా" అన్నాడు. అక్క మా కోసం, ఆర్‌ఐ సార్ కోసం కూడా ప్రార్థించింది. అమ్మ ఆమెన్ అనలేదు.

ఆదివారం నాయన చర్చిలో లేచి నిలబడి, తాను అబద్ధమాడానని, ఇక సంఘ పెద్దగా ఉండనని చెప్పాడు. ఆయన అబద్ధాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అందరి కోపమూ అక్క నిజం మీదే. వాళ్ల పిల్లలకూ సర్టిఫికెట్లు కావాలి మరి. "మీ పాపకు రవ్వంత తెలివి నేర్పాల్సింది బావా" అంది పిన్నమ్మ, పటం వెనక్కి తీసుకుంటూ.

కఠినంగా, దైవభయంతో పెంచితే మనుషులు మంచివాళ్లవుతారా అని ఎవరైనా వాదిస్తే నాకు ఆ వసారా గుర్తొస్తుంది. అక్క మంచిదని ఒట్టేసి చెప్పగలను. పెంపకం వల్లే మంచిదైందని చెప్పలేను. అదే బరికె, అదే ప్రార్థన నాకూ అందాయి, నేనిలా తయారయ్యాను. నాయన జీవితమంతా ఒక్క నియమం మీద నిలబడి, కూతురి కోసం దాన్ని వదిలేశాడు. అది పాపమైతే, అంతకన్నా మంచి పని ఆయన చేయగా నేను చూడలేదు. మా దేవుడితో ఏ సంబంధమూ లేని ఆర్‌ఐ సార్ మా కోసం తప్పు రాయడానికి సిద్ధపడ్డాడు. అక్క చెప్పిన నిజానికి నేను ఏం పోగొట్టుకున్నానో తర్వాత నా అడ్మిషన్లప్పుడు తెలిసింది. అయినా ఆమె మీద కోపం తెచ్చుకోవడం నాకు కుదరలేదు. ప్రయత్నించాను.

బీసీ-సీ అని రాసిన సర్టిఫికెట్‌ను నాయన తానే పోయి తెచ్చాడు. నలగకుండా రాజంపేటలో లామినేషన్ చేయించాడు. కడపలో కౌన్సెలింగుకు ఇద్దరూ పోయారు. అక్క వంతు వచ్చేలోపే ఆ కోటా సీట్లు అయిపోయాయి. ఇద్దరూ సాయంత్రం బస్సుకు తిరిగొచ్చారు. మరుసటి రోజు కలుపుకు పోయారు.

లామినేషన్ చేసిన సర్టిఫికెట్ ఏ ఆఫీసులోనూ చెల్లదట. సరిచూశామని వాళ్లు వేసే సీలు సిరా ప్లాస్టిక్ మీద నిలవదు.