పదకొండు చర్చిల దారిలో నా పాదాలు

ఏదో తేడాగా ఉందని నాకు మొదటిసారి తెలిసింది ఇంగ్లండ్‌లో, ఒక చిన్న ఊరి పాత చర్చిలో.

మేముండేది దోహాలో, అల్ ఘర్రాఫాలో. నేను ఇక్కడొక స్కూల్లో లెక్కలు చెబుతాను. మావారు రామ్మోహన్ స్ట్రక్చరల్ ఇంజినీరు, పాత కట్టడాలంటే ఆయనకు పిచ్చి. ఆయన కంపెనీలోనే మేనేజరుగా చేసి రిటైరైన డేవిడ్ గారు ఇప్పుడు సఫోక్ అనే జిల్లాలో ఉంటారు. కిందటేడు వేసవి సెలవుల ముందు ఫోన్ చేసి, ఈసారి మా వైపు రండి అని పట్టుబట్టారు. వెళితే రెండు సైకిళ్ళు చేతికిచ్చి, మ్యాపు మీద పెన్సిలుతో పదకొండు ఊళ్ళ చుట్టూ సున్నాలు చుట్టారు. ఊరికొక చర్చి. కొండలు లేవు, భయపడకండి అన్నారు.

ఇంటర్ తర్వాత నేను సైకిలెక్కలేదు. రెండు రోజులు ఆయన పెరట్లో ప్రాక్టీసు చేసి బయల్దేరాం. రెండు వైపులా ఎత్తయిన పొదలు, మధ్యలో ఒక కారు మాత్రమే పట్టే దారి, మలుపు దగ్గర సైకిళ్ళకు దారి చూపే చిన్న నీలం బోర్డులు. కర్ర చట్రాల ఇళ్ళు పక్కకి ఒరిగి, పక్కింటి మీద భుజం ఆన్చుకుని నిలబడి ఉండేవి. మావారు ఆగి, తల అడ్డంగా ఊపుతూ, "ఇది మా డిజైన్ రూల్సు ప్రకారం ఎప్పుడో పడిపోవాలి" అనేవారు. పడకపోయినందుకు ఆయనకు కాస్త కోపం కూడా.

నాలుగో చర్చికి గుండ్రటి గంటగోపురం, చెకుముకి రాళ్ళ గోడలు. పిట్టలు దూరకుండా గుమ్మానికి జాలీ తలుపు. నేను అలవాటుగా బూట్లు, సాక్సు విప్పేశాను. మొదటి చర్చిలోనే దీని మీద మాకు వాదన అయింది.

"ఇక్కడెవరూ విప్పరు వసూ, వింతగా చూస్తారు," అన్నారు మావారు.

"చూడనివ్వండి. దేవుడుండే చోటు కదండీ. పైగా నేలంతా సమాధి రాళ్ళు, వాటి మీద పేర్లు. అక్షరాల మీద బూట్లతో ఎలా నడుస్తాం?"

నాలుగో చర్చికొచ్చేసరికి ఆయన కూడా విప్పారు. లోపల అడుగు పెట్టగానే, "అబ్బ! ఐసు మీద నిలబెట్టావు కదే!" అని ఒంటికాలి మీద గెంతారు. నాకేమీ అనిపించలేదు. నాకు చలి ఆగుతుందని గర్వపడ్డాను కూడా. చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాను. అంతే, పక్కకు ఒరిగిపోయి బెంచీ అంచుకు భుజం కొట్టుకుని కూలబడ్డాను. తల తిరగలేదు. కళ్ళు మూయగానే నా పాదాలు ఎక్కడున్నాయో నాకు తెలియకుండా పోయింది.

బయటికొచ్చి సైకిలెక్కితే, చూసుకోకుండా పెడల్ మీద కాలు పెట్టలేకపోయాను. డేవిడ్ గారు కారు తెచ్చి మమ్మల్ని ఇంటికి చేర్చారు. ఏడు చర్చిలు మిగిలిపోయాయి. ఆలోచిస్తే, ఆరు నెలలుగా కాళ్ళకు తిమ్మిరి ఉంటూనే ఉంది. ఒకసారి మాల్‌లో చెప్పు జారిపోతే, ఎవరో అరబ్బావిడ వెనకాల పరిగెత్తుకొచ్చి ఇచ్చేదాకా నాకు తెలియనే లేదు. అంతా ఏసీ వల్లేనని సరిపెట్టుకున్నాను.

ఆగస్టు చివర్లో దోహాలో ఒక క్లినిక్‌కి వెళ్ళాను. డాక్టర్ అడగాల్సినవన్నీ అడిగారు. షుగరుందా? లేదు. థైరాయిడ్? లేదు. ఏమైనా మందులు వాడుతున్నారా?

"లేదు డాక్టర్. నాకసలు మందులంటేనే పడదు," అన్నాను.

బ్లడ్ టెస్టులో షుగరు, థైరాయిడ్ నార్మల్. మెడ ఎక్స్‌రేలో కొంచెం స్పాండిలోసిస్ కనబడింది. నొప్పికి మాత్రలు, మెడకు కాలర్ ఇచ్చారు. నాకు నొప్పి లేదు. అయినా కాలర్ వేసుకునే స్కూలుకెళ్ళాను. ఏడో క్లాసు పిల్లలు రెండు రోజులు భయభక్తులతో ఉన్నారు. ఆ కాలర్ వల్ల కలిగిన ప్రయోజనం అదొక్కటే.

నవంబరుకొచ్చేసరికి నేల చూసుకోకుండా ఒక్కడుగు వేయలేకపోయాను. సింకు దగ్గర మొహానికి సబ్బు రాసుకుని కళ్ళు మూస్తే తూలేదాన్ని. అందుకే ఒక చేత్తో కుళాయి పట్టుకుని, రెండో చేత్తోనే మొహం కడుక్కునేదాన్ని. బాత్రూం బయట మావారు పేపరు చదువుతున్నట్టు నటిస్తూ కూర్చునేవారు. ఒకరోజు బోర్డు మీద లెక్క రాసి క్లాసు వైపు తిరగబోయి, పిల్లల ముందే పడిపోయాను. ఇక వీల్‌చెయిరే గతి అనుకున్నాను. నలభై ఎనిమిదేళ్ళకే. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేక చాలా ఏడ్చాను.

అప్పుడు ఒక హాస్పిటల్లో న్యూరాలజిస్టును కలిశాం. సుడాన్ దేశస్థుడు, పొడుగు మనిషి, మెల్లగా మాట్లాడతారు. మందులేమైనా వాడుతున్నారా అని ఆయనా రెండుసార్లు అడిగితే, ఏమీ లేవనే చెప్పాను. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి నా బొటనవేలి మీద పెట్టారు.

"వైబ్రేషన్ తెలుస్తోందా, మేడమ్?"

తెలియలేదు. చీలమండ దగ్గరా తెలియలేదు. మోకాలి దగ్గర కొద్దిగా తెలిసింది. పాదాలు దగ్గరగా పెట్టి కళ్ళు మూసుకోమన్నారు. మూశాను, ఆయన చేతుల్లో పడ్డాను. బ్లడ్ టెస్టులు, నరాలకు చేసే ఎన్‌సీఎస్ పరీక్ష, ఎమ్మారై అయ్యాక, "విటమిన్ బీ ట్వెల్వ్ వెరీ, వెరీ లో," అన్నారు. వెన్నుపాముకు కూడా దెబ్బ తగిలిందట. సబ్ అక్యూట్ కంబైన్డ్ డీజెనరేషన్ అని కాగితం మీద రాసిచ్చారు.

"నేను మళ్ళీ మామూలుగా నడుస్తానా?"

"ఇంతటితో ఆగుతుంది. ఎంత తిరిగొస్తుందో మాత్రం ప్రామిస్ చెయ్యలేను. మీరు లేటుగా వచ్చారు."

ఆ రోజు నుంచే ఇంజెక్షన్లు మొదలయ్యాయి. మొదట రోజూ, తర్వాత వారానికొకటి. కానీ డాక్టర్‌కి ఒక సందేహం తీరలేదు. మాలాంటి శాకాహారులకు బీ ట్వెల్వ్ తక్కువ ఉండడం ఆయనకు కొత్త కాదు. ఒకే కంచం తిండి తినే మావారికి పరీక్ష చేస్తే, కొంచెమే తక్కువ వచ్చింది. మరి నాకెందుకు ఇంత దారుణంగా పడిపోయింది? కడుపులో ఏదో ఉండి ఉండాలి, ఎండోస్కోపీ చేద్దాం అన్నారు. కడుపులో ఏదో అంటే క్యాన్సరేనని నేను రెండు వారాలు లోలోపల చచ్చి బతికాను.

ఎండోస్కోపీ గురించి మాట్లాడడానికి పొద్దున్నే రమ్మన్నారు. ఆయన ఎదురుగా కూర్చున్నాక గుర్తొచ్చి, హ్యాండ్‌బ్యాగులోంచి షీట్ తీసి, ఒక బిళ్ళ నొక్కి నోట్లో వేసుకుని నీళ్ళు తాగాను. రాస్తున్న పెన్ను ఆపేశారు డాక్టర్.

"వాట్ ఈజ్ దట్?"

"ఏం లేదు డాక్టర్. గ్యాస్ బిళ్ళ."

"ఎన్నాళ్ళుగా?"

మావారి వైపు చూశాను. ఆయన వేళ్ళు లెక్కపెట్టి, "తొమ్మిదేళ్ళు," అన్నారు.

తొమ్మిదేళ్ళ కిందట, రాజమండ్రిలో ఒక పెళ్ళి భోజనం తర్వాత కడుపు మండితే, డాక్టర్ పదిహేను రోజులకు రాసిన బిళ్ళ అది. ఆ పదిహేను రోజులే తొమ్మిదేళ్ళయ్యాయి. ఏటా సూట్‌కేసులో ఆవకాయకీ కారప్పొడికీ మధ్య ముప్పై షీట్లు వచ్చేవి. ఎవరు ఇండియా వెళుతున్నా, "నాకో నాలుగు షీట్లు తెచ్చిపెట్టండి" అని ఇక్కడి తెలుగువాళ్ళు అడగడం, తెచ్చినవాళ్ళు పంచడం మామూలే. మా వంటింట్లో అది ఉప్పు డబ్బా పక్కనే ఉండేది. అది మందని నేను ఏనాడూ అనుకోలేదు. మందంటే జబ్బుకి వేసుకునేది కదా!

"మేడమ్, రెండుసార్లు అడిగాను. మందులేమీ లేవన్నారు."

"ఇది మందు కాదు కదా డాక్టర్, గ్యాస్‌కి..."

ఆయన నవ్వలేదు. "తిండిలోంచి బీ ట్వెల్వ్ విడిపడాలంటే కడుపులో యాసిడ్ కావాలి. మీ తిండిలో అది వచ్చేదే కొంచెం. రోజూ పొద్దున్నే ఆ కాస్తకీ మీరే అడ్డు పెట్టారు. ఆగస్టులో ఈ మాట చెప్పి ఉంటే, మొదటి రోజే ఎవరైనా బీ ట్వెల్వ్ చూసేవారు."

ఇంటికొస్తుంటే మావారు నన్ను తిడితే బాగుండుననిపించింది. ఘర్రాఫా సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు, ముందుకు చూస్తూనే, "ఏటా ఆ బిళ్ళలు కొన్నది నేనే కదా వసూ," అన్నారు. ఆయన చెయ్యి పట్టుకున్నాను.

ఎండోస్కోపీలో కొద్దిపాటి గ్యాస్ట్రైటిస్ తప్ప ఏమీ లేదు. డాక్టర్ చెప్పినట్టే బిళ్ళను ఒక్కసారిగా కాకుండా నెమ్మదిగా తగ్గించి మానేశాను. హమ్మయ్య అనుకునేలోగా, ఇంజెక్షన్లు మొదలైన నెలకు పాదాలు భగ్గుమన్నాయి. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేదాన్ని. ఇది ముదిరిందని ఏడుస్తూ వెళితే డాక్టర్ సంతోషించారు. "నర్వ్స్ మేలుకుంటున్నాయేమో. గుడ్ సైన్." నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. ఆ మంట తగ్గడానికి ఏడు వారాలు పట్టింది.

తర్వాత ఫిజియోథెరపీ. నేల మీద గీసిన గీత మీద ఒక పాదం వేళ్ళకు రెండో పాదం మడమ ఆన్చుతూ నడవాలి. ఫిలిప్పీన్స్ అమ్మాయి పక్కనే నడుస్తూ, "డోంట్ లుక్ డౌన్, మామ్!" అని అరిచేది. అక్కడి కదలని సైకిల్ మీద బాగానే తొక్కాను. కదిలే సైకిలంటే మాత్రం గుండె జారేది. ఆ సంగతి మావారి నోట విని, ఒక శుక్రవారం మల్లన్న వచ్చాడు.

మల్లన్నది జగిత్యాల వైపు. మావారి సైటులో ఇనుప చువ్వలు కట్టేవాళ్ళకు మేస్త్రీ, దోహాలోనే నజ్మా పేటలో రూములో ఉంటాడు. ఎవరిదో పాత సైకిల్ తెచ్చి, మమ్మల్ని సైకిల్ ట్రాక్‌కి తీసుకెళ్ళి, వెనక క్యారియర్ పట్టుకున్నాడు.

"అక్కా, కిందికి జూడకు, ముంగట జూడు. మేము చువ్వల జాలి మీద దినమంత నడుస్తం. కాళ్ళు జూసుకుంట నడిచెటోడే పడ్తడు. యల్లా, తొక్కు!"

మూడు శుక్రవారాలు నా వెనకే పరిగెత్తాడు. నాలుగో శుక్రవారం ఎప్పుడో వదిలేశాడు. తిరిగి చూస్తే దూరంగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను గట్టిగా కేక పెట్టాను, సంతోషంతోనే. "మా అవ్వకు ఫోన్ల జెప్పిన," అన్నాడు తర్వాత. వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే. "దుబాయ్‌ల టీచరమ్మకు సైకిల్ నేర్పుతున్న అంటే, ఆ పనికేనా గంత దూరం పోయినవ్ అన్నది."

ఆ రోజు ఇంట్లో పెసరట్లు తింటుంటే అడిగాను. "మల్లన్నా, నువ్వేమైనా మందులు వాడతావా?"

"నాకేం బీమారి ఉన్నదక్కా? ఏం మందుల్లేవు."

తిన్నాక చొక్కా జేబులోంచి షీట్ తీశాడు. నేను చూస్తున్నానని, "ఇదా? ఇది మందెట్లయితది? గ్యాస్ గోలీ," అన్నాడు. మావారూ నేనూ ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వాపుకోలేకపోయాం. మరుసటి వారం హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్ళాం. మాంసం తింటాడు కాబట్టి బీ ట్వెల్వ్ బాగానే ఉంది. ఆ బిళ్ళ మాత్రం అక్కడి డాక్టర్ అతని చేత మాన్పించారు.

ఈ జులైలో మళ్ళీ సఫోక్ వెళ్ళాం. మిగిలిన ఏడు చర్చిలకు నాలుగు రోజులు పట్టింది. చిన్న ఎత్తు వచ్చినా దిగి నడిపించాను. నాకు తొందరేముంది? ఒకచోట కప్పు దూలాల మీద రెక్కలు చాచిన దేవదూతల బొమ్మలు చెక్కి ఉన్నాయి. మావారు బెంచీ మీద వెల్లకిలా పడుకుని, బొమ్మల్ని వదిలేసి దూలాలు లెక్కపెట్టారు. పదకొండోదానికి రోడ్డే లేదు. కోసేసిన పొలం మధ్య కాలిబాట, గడ్డలూ గుంటలూ. సైకిళ్ళు కంచెకు ఆనించాం. మావారు చెయ్యి అందించారు. వద్దన్నాను. ముందు నేను, వెనక ఆయన, ఆ పొలమంతా దాటి చర్చి గుమ్మం దాకా నడిచాను. ఆ రోజంత హాయిగా నేనెప్పుడూ లేను.

ఇప్పుడు నెలకొక ఇంజెక్షన్. స్కూలుకు వెళుతున్నాను, బోర్డు మీద రాసి ధైర్యంగా వెనక్కి తిరుగుతున్నాను. ఎడమ పాదంలో చివరి రెండు వేళ్ళకు మాత్రం స్పర్శ రాలేదు. ఇక రాదని డాక్టర్ చెప్పారు. మడమకు పట్టీ ఉన్న చెప్పులే వేసుకుంటాను.

నాలాంటి వాళ్ళకు ఒక్క మాట చెబుతాను. ఏం మందులు వాడుతున్నారని డాక్టర్ అడిగితే నోటితో జవాబు చెప్పకండి. మీరు రోజూ వేసుకునేవన్నీ, ఊరి నుంచి తెచ్చుకున్నవి, మందే కాదనుకున్నవి, ఒక సంచీలో వేసుకెళ్ళి ఆయన బల్ల మీద కుమ్మరించండి. ఏది మందో ఏది కాదో ఆయనే చెబుతారు. నేను ఆ పని ఆగస్టులో చేసి ఉంటే, ఆ రెండు వేళ్ళూ నాకు దక్కేవేమో.