బుగ్గల దుకాణానికి తుపాకి

ఫోన్‌కు కవరు కొనాలన్నా పట్టిక గీసుకునే మనిషిని నేను. మెకానికల్ చదివాను. కరీంనగర్‌లో ఒక చిన్న కార్ఖానాలో, తయారైన సామాను కొలతలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడడం నా పని. అందుకే మా మేనత్త ఫోన్ చేసి, "అల్లుడా, తుపాకి ఖరాబైంది, కొత్తది జర నువ్వే చూడు" అన్నప్పుడు, నా చదువుకు ఇన్నాళ్లకు గిరాకీ తగిలిందనుకున్నాను.

అత్తది జాతరల్లో బుగ్గలు, అంటే గాలి నింపిన బెలూన్లు, కొట్టించే దుకాణం. చెక్కకు వరుసగా కట్టిన బుగ్గలు, ముందొక బల్ల, బల్ల మీద ఎయిర్ గన్. మామ పోయినప్పటి నుంచి ఒక్కతే నడుపుతోంది. ఆదిలాబాద్, కరీంనగర్ దిక్కు ఏ ఊళ్లో జాతరైనా ఆమె అక్కడ ఉంటుంది. అదే ఆమె బతుకుదెరువు. పాత గన్నులో స్ప్రింగు విరిగింది. మూడు వారాల్లో జాతరలు మొదలు.

"మల్ల జిందగీల కొనుడు ఉండద్దు. నువ్వు సదువుకున్నోనివి, నీకే ఎర్క" అంది. "ఈ నడుమ నా కుడిరెక్క గూడ గుంజుతుంది రా" అని కూడా అంది. నేను ఒక నొప్పి మందు పేరు చెప్పి, వెంటనే తుపాకి సంగతికి వచ్చేశాను.

ఎయిర్ గన్నుల్లో రెండు రకాలు చూశాను. రెండింటిలోనూ గొట్టాన్ని విరిచినట్టు కిందికి వంచాలి. ఒకదాంట్లో అప్పుడు ఉక్కు స్ప్రింగు ముడుచుకుంటుంది. మరోదాంట్లో స్ప్రింగుకు బదులు సీలు వేసిన గ్యాస్ పిస్టన్ ఉంటుంది, కారు వెనక తలుపును ఎత్తి పట్టే కడ్డీ లాంటిది. ఏది మేలు? పందొమ్మిది వరుసల పట్టిక వేశాను. మన్నిక, గుండు వేగం, గురి, చప్పుడు, తుప్పు. ఒక్కో వరుసకు మార్కులు. అది చాలక, విదేశాల్లో అసలు రైఫిళ్లలో పిస్టన్ మంచిదా, గ్యాస్ నేరుగా వెనక్కి తన్నే పద్ధతి మంచిదా అని గడ్డాలవాళ్లు వాదించుకునే వీడియోలు వారం రోజులు చూశాను. ఆ తుపాకులు కొనే వీలు మనకు లేదు. బుగ్గలకు వాటి అవసరమూ లేదు. అయినా నోట్సు రాసుకున్నాను.

గ్యాస్ పిస్టనే గెలిచింది. స్ప్రింగులా నీరసపడదు, ఎన్నేళ్లయినా అదే బిగువు. తుపాకులమ్మే దుకాణంలో దాన్ని నాలుగుసార్లు వంచి చూశాను. గట్టిగానే ఉంది. గట్టిగా ఉన్నది గట్టి సరుకనుకున్నాను.

జాతరకు నేనే తీసుకుపోయాను. నిజం చెప్పాలంటే, నన్ను మెచ్చుకునేటప్పుడు పక్కన ఉండాలనే పోయాను. మొదటి గంట అంతా బాగుంది. గురి తప్పడం లేదు, బుగ్గలు టపటపా పేలుతున్నాయి. అప్పుడు నేను ఇన్నేళ్లుగా చూస్తూ కూడా చూడని ఒక సంగతి చూశాను. బుగ్గలు కొట్టేది గిరాకీలు, గొట్టం వంచేది అత్త. పిల్లలకైనా, ఆడవాళ్లకైనా, మీసాలు తిప్పే మగవాళ్లకైనా ఆమే వంచి, గుండు పెట్టి, చేతికిస్తుంది. ప్రతి దెబ్బకూ ఒకసారి. రోజంతా.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆమె పిడిని తొడకు ఆనించి రెండు చేతులా వంచుతోంది.

"గింత బిర్రు ఏంది రా?" అంది.

"కొత్తది గదా అత్తా. అలవాటైతే మెత్తగైతది" అన్నాను. మెత్తబడకపోవడమే దాని గొప్పతనమని పట్టికలో రాసింది నేనే.

కాసేపటికి ఎవరో చాయ్ గ్లాసు అందించారు. అత్త కుడిచెయ్యి చాచింది. చెయ్యి భుజం దాకా లేవలేదు. గ్లాసు బల్ల మీద ఒలికింది. ఆమె కొంగుతో బల్ల తుడిచింది. పక్కన గాజులమ్మే ఆమె అది చూసింది.

"ఏమక్కా, నీ అల్లుడు తెచ్చిన తుపాకి బుగ్గలను కొడ్తుందా, నిన్ను కొడ్తుందా?"

"ఇద్దర్నీ కొడ్తుంది. ఇంజనీరు తెచ్చిండు గద" అంది అత్త.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి వంచే కూలీని నేనే. అత్త స్టూలు మీద కూర్చుని గిరాకీలను పిలిచింది. సాయంత్రానికి నా అరచేతులు బొబ్బలెక్కాయి. రాత్రికి నా భుజం కూడా లేవలేదు. నేను ఇరవై ఏడేళ్లవాణ్ణి, ఆమెకు యాభై దాటాయి.

"నువ్వు రేపు డ్యూటీకి పోతవ్. ఎల్లుండి మెట్‌పల్లి దిక్కు జాతరకు నేను పోవాలె. ఎవ్వడు వంచుతడు? ఇంట్ల కూసుండాల్నా?" అని అడిగింది. కోపంగా అడిగినా బాగుండేది. నిజంగానే అడిగింది. నా పందొమ్మిది వరుసల్లో వంచే మనిషికి ఒక్క వరుసా లేదు.

మరుసటి రోజు సెలవు పెట్టి, రెండు తుపాకులు, బుగ్గల సంచి పట్టుకుని ఇద్దరం బెల్లంపల్లి పోయాం. అక్కడ, బొగ్గుగని వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంటి ముందే బెంచీ వేసుకుని రిపేర్లు చేస్తాడు. కొత్త తుపాకిని అటూ ఇటూ తిప్పాడు.

"గిది సీలేసిన సామాను. ఇప్పితే మల్ల పనికిరాదు. ఎవడు కొన్నడు?"

అత్త నా దిక్కు చూసింది. ఆయన దాన్ని పక్కన పెట్టాడు.

పాత తుపాకి విప్పి, పెట్టెలోంచి ఒక స్ప్రింగు ఏరి బిగించాడు. నాకివ్వలేదు, అత్తకిచ్చాడు.

"వంచు బిడ్డా."

వంచింది. మొహం ముడుచుకుంది. ఆయన విప్పి, స్ప్రింగు కొసన ఒక చుట్టు కోసి, సానపట్టి, మళ్లీ బిగించాడు. వంచింది. "ఇంకో చుట్టు తీయె బాపూ" అంది. నేను ఆగలేకపోయాను.

"పెద్దాయనా, ఇట్ల కోస్కుంట పోతే గుండు స్పీడు పడిపోతది."

ఆయన ఆకురాయి పక్కన పెట్టి, కళ్లద్దాల మీంచి చూశాడు. "బుగ్గ పలగనీకె ఎంత స్పీడు గావాలె పటేలా?"

మూడు కంపెనీల గుండు వేగాలు నోటికి వచ్చు. బుగ్గకు ఎంత చాలో ఎప్పుడూ చూడలేదు.

ఆయన ఇంకో చుట్టు కోసి బిగించాక, మూడోసారి అత్త ఆగకుండా వంచుతూ పోయింది. వంచుతూనే పెద్దాయనను ఆయన మోకాళ్ల నొప్పుల గురించి అడిగింది, ఆయన కోడలు ఎక్కడ పనిచేస్తోందో కనుక్కుంది. నేను లెక్కపెడుతున్నాను. ముప్పై దాటాక కూడా ఆమె మాట తడబడలేదు, మొహం ముడుచుకోలేదు.

"సాలు" అంది. తుపాకి పిడిని చంకలో పెట్టుకుని, కుడిచేత్తోనే కొంగు సర్దుకుంది. "మెట్‌పల్లి దిక్కు బస్సు ఎన్నింటికుందో చూడు రా. బుగ్గల సంచి నువ్వు పట్టుకో."