వరుసలో నా ఎర్ర బిందె

మొన్న ఆదివారం మా మనవరాలు ఇల్లంతా గాలించి పాత ప్లాస్టిక్ సామాన్లన్నీ వాకిట్లో కుప్ప పోసింది. బడికి తెచ్చిస్తే వాటిని కరిగించి బెంచీలు చేయిస్తారట. మా రోజుల్లో ఈ తెలివి లేకపోయిందే అని నేనూ సంబరపడి నూనె డబ్బాలూ, విరిగిన మగ్గులూ, ఎండకు పెళుసెక్కిన కుర్చీనీ నా చేత్తోనే తెచ్చిచ్చాను. అది మిద్దె మీదికెక్కి, కరివేపాకు మొక్క పక్కన బోర్లించిన ఎర్ర బిందెను పట్టుకొచ్చేసరికి మాత్రం గబుక్కున లాక్కున్నాను. పగిలిన బిందె మీద అంత ప్రేమేమిటని దానికి ఒకటే నవ్వు. హిందూపురంలో కొళాయి దగ్గర వరుసలో నిలబడ్డవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, మీకు మాత్రం నవ్వు రాదని నాకు తెలుసు.

తొంభైలలో పెనుకొండ నుంచి హిందూపురానికి కోడలిగా వచ్చాను. మా అత్త ఇత్తడి బిందె తప్ప మరొకటి ముట్టేది కాదు. ప్లాస్టిక్ బిందెలో నీళ్లు వాసనొస్తాయనీ, దేవుడికి పనికిరావనీ ఆమె పట్టుదల. ఆ ఇత్తడి బిందె నిండితే లేగదూడను చంకనెత్తుకున్నట్టే ఉండేది. మొదటిసారి నాకు కడుపు నిలవలేదు. రెండోసారి నెల తప్పినప్పుడు డాక్టరమ్మ బరువులు ఎత్తవద్దని గట్టిగా చెప్పి పంపితే, ఇంటికొచ్చిన రోజే మా అత్త ఇత్తడి బిందెను అటక మీదికి చేర్చి, మా ఆయన పనిమీద ధర్మవరం పోతుంటే ప్లాస్టిక్ బిందె తెమ్మని తానే పురమాయించింది. మరి దేవుడో అని మా ఆయన ఆటపట్టిస్తే, "దేవునికి నేను చెప్పుకుంటాలేప్పా, నువ్వు తీసుకురా" అంది. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

అలా వచ్చిన ఎర్ర బిందె కొళాయి దగ్గరి తోపులాటలో కొన్నాళ్లకే చీలింది. ఆ రోజుల్లో పగిలిందని పారేసే అలవాటు ఎవరికుంది? సైకిల్ షాపు అతను ఇనుప బద్దను కాల్చి, అదే రంగు ప్లాస్టిక్ ముక్కను కరిగించి, చీలిక మీద అతికించాడు. అయినా కాస్త కారుతూనే ఉండటంతో నీళ్లకు ఒక పచ్చ బిందె కొని, ఎర్రదానికి వరుసలో చోటు కాచే ఉద్యోగమిచ్చాం. కొళాయి నీళ్లు ఎన్నో రోజులకోసారి వచ్చేవి కనుక తెల్లారకముందే బిందెలు వరుసలో పెట్టి ఇళ్లకు వచ్చేసేవాళ్లం. అక్కడ బిందె ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క.

ఏడో నెలలో ఒక రోజు, ఎవరో పోయారని మా అత్త పక్క ఊరు పరిగికి వెళ్లింది, మా ఆయన మిల్లులో డ్యూటీకి పోయాడు, ఇంట్లో గుక్కెడు నీళ్లు లేవు. నీళ్లు వదిలారని విని పచ్చ బిందెతో పోయి చూస్తే వరుసలో నా ఎర్ర బిందె లేదు. పాత ప్లాస్టిక్ తీసుకుని బదులుగా ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, ఇచ్చే అతను, పగిలి ఉంది కదా, ఎవరో పారేశారనుకుని సైకిలుకు కట్టుకుపోయాడట. ఈ వరుస తప్పితే రైలు గేటు అవతలి బోరింగు దాకా పోయి మోసుకురావాలి. మొదటిసారి జరిగింది గుర్తొచ్చి పచ్చ బిందె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. బిందె లేకుంటే చోటూ లేదని వెనకవాళ్లు అప్పటికే ముందుకు జరుగుతున్నారు.

నా వెనకే గాజులమ్ముకునే అక్క బిందెలు రెండు ఉన్నాయి. ఆమె వాటిలో ఒకటి తీసి పక్కన పెట్టి, నా చేతిలోని పచ్చ బిందెను ఆ చోట పెట్టింది.

"బిందె పోతే మనిషి గూడా పోయిందనుకుంటిరా? ఆ పిల్ల ఈడనే ఉండాది" అంది, గొంతు పెద్దగా పెంచకుండానే.

ముందుకు జరిగినవాళ్లు మళ్లీ వెనక్కి జరిగారు. నా బిందె తానే నింపి, తానే చంకనెత్తుకుని మా ఇంట్లో దించి, ఇంటినిండా పిల్లలున్న ఆ అక్క ఆ రోజు తన ఇంటికి ఒక్క బిందె నీళ్లతోనే పోయింది. మర్నాడు ఆమె చివాట్లకు ఎర్రగడ్డలతను బిందె తిరిగి తెచ్చి, ఎవరూ లేని బిందె అనుకున్నానమ్మా అని నొచ్చుకుంటూ నాలుగు ఎర్రగడ్డలు కూడా ఇచ్చిపోయాడు.

ఇదంతా విని, అప్పుడు నా కడుపులో ఉన్నది తన తల్లేనని తెలిశాక, మనవరాలు బిందెను మిద్దె మీద యథాస్థానంలో పెట్టి వచ్చింది. ఆ అక్క ఎక్కడుందని అడిగింది. తర్వాత వాళ్లు ధర్మవరం వెళ్లిపోయారు. చీరలకని పోయినప్పుడు గాజుల అంగళ్లన్నీ వాకబు చేశాను గానీ ఆచూకీ దొరకలేదు.

ఇప్పుడు ఫోను చేస్తే నీళ్ల క్యాను గుమ్మంలోకి వస్తుంది. నిజంగా సంతోషమే, ఆ వరుసలు ఏ ఆడదానికీ మళ్లీ వద్దు. ప్లాస్టిక్‌ను అందరూ తిడుతుంటే మాత్రం నాకు నోరు రాదు, ఆ తేలిక బిందె లేకుంటే నేనేమయ్యేదాన్నో. పొద్దున తెచ్చిన కవరు మధ్యాహ్నానికి చెత్తలో పడటమే నాకు మింగుడుపడదు. కొళాయి దగ్గర కలిసే పనే లేదు కనుక, ఈ వీధిలో ఎవరింట్లో నీళ్లున్నాయో, ఎవరింట్లో లేవో కూడా నాకిప్పుడు తెలియదు.

మనవరాలికి ఒక్కటే చెప్పాను. బడిలో ఆ కొత్త బెంచీ వచ్చాక, పక్కన కూర్చునే పిల్ల రావడం ఆలస్యమైతే, ఆ చోటు కాచిపెట్టమని.